పార్ట్ టూ ఆర్డర్‌లో అమ్మ పేరు

మా నాన్న మిలిటరీలో చేరింది ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు చేయడానికి. 1985 నాటి సంగతి. ఆయన పదో తరగతి పాసయ్యారు. తాతయ్య కౌలుకి చేసిన పొలం వరసగా రెండు పంటలు ముంచింది, ఇంటి మీద అప్పుంది. రిక్రూట్‌మెంట్ జరుగుతోందని ఎవరో చెబితే వెళ్లి లైన్లో నిలబడ్డారు. పరుగు, ఛాతీ కొలత, మెడికల్ అన్నీ దాటుకుని బెంగళూరులో సైన్యానికి సరుకులు, రవాణా చూసే ఆర్మీ సర్వీస్ కోర్ సెంటర్‌కి ట్రైనింగుకి వెళ్లేనాటికి ఆయనకి పంతొమ్మిదేళ్లు. దేశం కోసం అన్న ఆలోచన అప్పుడు మనసులో ఎంతుందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. మొదటి జీతం అందిన నెల నుంచి మాత్రం ఇంటికి మనియార్డరు వచ్చింది. తర్వాత మనియార్డర్లు పోయి బ్యాంకు ఖాతా వచ్చింది గానీ, ఇంటికి డబ్బు రాని నెలంటూ లేదు. 2011లో హవల్దారుగా రిటైరయ్యేదాకా అంతే.

ఇది ముందుగానే ఎందుకు చెబుతున్నానంటే, సైనికుడి గురించి మనం మాట్లాడే తీరు నాకు చాలాకాలంగా ఇబ్బందిగా ఉంది. శాలువా కప్పేటప్పుడు, జెండా పండగ నాడు, వాట్సాప్‌లో, ఎక్కడ చూసినా ఒకటే మాట: పెళ్లాం పిల్లల్ని వదిలేసి దేశం కోసం వెళ్లాడని. అందులో గౌరవం ఉంది, కాదనను. కానీ ఆ మాట ప్రకారం ఇల్లు ఒకవైపు, దేశం ఒకవైపు ఉంటాయి, ఆయన ఇంటిని వదులుకుని దేశాన్ని ఎంచుకుంటాడు. నేను పెరిగిన మిలిటరీ ఇళ్లలో ఎక్కడా అలా జరగలేదు. ఇంటి కోసం వెళ్లారు, ఇంటి గురించే ఆలోచిస్తూ డ్యూటీ చేశారు, ఇంటికే తిరిగొచ్చారు. ఆ ఉద్యోగం అంత బాగా చేశారంటే ఇల్లు గుర్తుండబట్టే చేశారని నా నమ్మకం.

ఆయన్ని వీరుడిగా మాత్రమే చూసినంతకాలం, ఇంటి మనిషిగా ఆయనకి అందాల్సినవి మన కంటికి ఆనవు. వేళకి సెలవు, కుటుంబంతో ఉండటానికి క్వార్టరు, పిల్లల చదువు, నలభై అయిదేళ్లకి బయటికొచ్చాక గౌరవంగా బతికే ఇంకో ఉద్యోగం, ఆయన తదనంతరం భార్యకి పెన్షను. అన్నీ చిన్న విషయాల్లా కనిపిస్తాయి. మిలిటరీ మనిషిని మనం ఏడిపిస్తున్నది సరిగ్గా వీటి దగ్గరే.

మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. పక్కనే మాధవరం. చుట్టుపక్కల అందరూ మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికీ, రెండో ప్రపంచ యుద్ధానికీ అక్కణ్నుంచి జనం వెళ్లారు, ఇప్పటికీ వెళుతున్నారు. యుద్ధాలకి వెళ్లినవాళ్ల జ్ఞాపకార్థం ఊళ్లో స్మారకం ఉంది. టీవీవాళ్లు వచ్చినప్పుడల్లా ఆ స్మారకాన్నీ, యూనిఫాం ఫొటోల్నీ చూపించి వెళ్లిపోతారు. తరాల తరబడి మగవాళ్లు సగం సంవత్సరాలు ఇంట్లో లేని ఊళ్లో కాపురాలు ఎలా నడిచాయి, పొలాలు ఎవరు చూశారు, అప్పులు ఎవరు తీర్చారు? ఇంతకాలంలో ఆ ఇళ్ల ఆడవాళ్లని ఈ మాట అడిగినవాళ్లు నాకు తగల్లేదు.

నాన్న ట్రేడు డ్రైవరు. మొదట్లో శక్తిమాన్ లారీలు, జబల్‌పూర్ ఫ్యాక్టరీలో తయారైనవి. తర్వాత అశోక్ లేలాండ్ స్టాలియన్లు. సర్వీసులో ఎక్కువ భాగం శ్రీనగర్-లేహ్ రోడ్డు మీదే గడిచింది. ఆ రోడ్డు సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. పదకొండు వేల అడుగులు దాటిన ఎత్తులో జోజిలా అనే కనుమ ఉంటుంది. చలికాలంలో మంచు పడి అది మూసుకుపోతుంది. కాబట్టి లద్దాఖ్‌లో ఉన్న సైన్యానికి చలికాలమంతా కావాల్సిన గోధుమపిండి, పప్పు, కిరోసిన్, మందులు, గుండ్లు, అన్నీ వేసవి మొదలైన దగ్గర్నుంచి మళ్లీ మంచు పడేలోగా పైకి చేర్చేయాలి. మన పత్రికల్లో తుపాకీ పట్టుకున్నవాడి ఫొటో వస్తుంది. ఆ తుపాకీ వెనక రోజుకి మూడు పూటలా తిండి ఉంటుంది, దాన్ని మోసుకెళ్లే కాన్వాయ్ ఉంటుంది.

1999లో కార్గిల్ యుద్ధం వచ్చినప్పుడు నాన్న ఆ రోడ్డు మీదే ఉన్నారు. ద్రాస్ దగ్గర పైనున్న కొండల మీద శత్రువు కూర్చున్నాడు, కింద రోడ్డు వాళ్లకి స్పష్టంగా కనపడేది. అక్కడి టోలోలింగ్ కొండ జూన్‌లో మన చేతికి వచ్చేదాకా పగలు బండి కదిలితే గుండు పడేది. అందుకని రాత్రిళ్లు, హెడ్‌లైట్లు ఆపేసి నడిపేవారు. లైట్లు లేకుండా ఆ లోయల పక్కన లారీ ఎలా తోలారు నాన్నా అని అడిగితే ఆయన చెప్పింది ఇదీ. ముందు బండి వెనక ఇరుసు మధ్యలో ఉండే గుండుకి తెల్ల రంగు వేసి ఉంటుంది. బండి అడుగున దాని మీద మాత్రమే వెలుగు పడేలా చిన్న బల్బు ఉంటుంది. పైనుంచి చూసేవాడికి ఆ వెలుగు కనపడదు, వెనకొచ్చే డ్రైవరుకి మాత్రం తెల్లటి మచ్చలా కనపడుతుంది. దాన్నే చూస్తూ పోవాలి. మచ్చ పెద్దదైతే దగ్గరికొచ్చేసినట్టు, చిన్నదైతే వెనకబడినట్టు, పక్కకి జరిగితే మలుపు వచ్చినట్టు. యుద్ధం గురించి ఆయన ఇంతకు మించి ఎప్పుడూ వర్ణించలేదు. మనకేమో ఇంకేదో కథ కావాలి.

ఆ రోజుల్లో మా ఇంట్లో టీవీ లేదు. సాయంత్రం వార్తలకి అమ్మ పక్కింటికి వెళ్లి గుమ్మం దగ్గరే నిలబడి చూసి వచ్చేది. లోపలికి రమ్మన్నా కూర్చునేది కాదు. జూన్ నెలాఖరులో ఉత్తరం వచ్చింది, మిలిటరీ పోస్టాఫీసు 56 ఏపీవో ముద్రతో. మా దగ్గర ఇప్పటికీ ఉంది. అందులో ఏముందంటే: కాలవలు వదిలారా, నారు పోశారా, కిందటేడు తీసుకున్న చోట విత్తనం కొనొద్దు, మొలక సరిగ్గా రాలేదు. అమ్మాయికి బడి తెరిచారుగా, బూట్లు ఒక సైజు పెద్దవే కొను. చెల్లాయి పురిటికి ఎప్పుడొస్తోంది. చివర, నేను క్షేమం. పైన గుండ్లు పడుతుంటే ఆయన నారుమళ్ల గురించి రాశారు. దీన్ని చదివి ఇంటిని వదిలి దేశం కోసం వెళ్లినవాడని ఎలా అంటాం?

ఆ ఉత్తరానికి అమ్మ ఇచ్చిన జవాబు సగం కూడా ఆయనకి వేళకి అందలేదు. ఇద్దరి ఉత్తరాలూ దారిలో ఒకదాన్నొకటి దాటిపోయేవి. ఈయన ఇక్కడి సమస్యకి సలహా రాసేసరికి అమ్మ దాన్ని తన పద్ధతిలో తేల్చేసేది, కొత్తది ఇంకోటి వచ్చేది. అలా నడిచిన కాపురం అది. నాన్న నిజంగా ఇంటి మనిషి అని నేననేది ఇక్కడే. దూరంగా ఉన్న మగవాడికి పెత్తనం చేయాలన్న ఆత్రం ఎక్కువ. నెలకోసారి డబ్బు పంపుతున్నాను కాబట్టి ప్రతిదీ నన్నడిగే చేయాలనడం చుట్టుపక్కల ఇళ్లలో చూశాను, గల్ఫ్ వెళ్లినవాళ్ల ఇళ్లలోనూ చూశాను. నాన్న పెళ్లయిన రెండో ఏడే బ్యాంకు ఖాతా జాయింటు చేయించి, మీ వదిన సంతకం చాలు అని మా బాబాయితో చెప్పి వెళ్లారు. అత్తల పెళ్లిళ్లలో చిన్నత్తది నాన్నకి సెలవు దొరక్కుండానే జరిగిపోయింది. సంబంధం చూసింది, కట్నం దగ్గర బేరం ఆడింది, అప్పు తెచ్చింది, తీర్చింది అమ్మే. ఆయన సెలవుకొచ్చాక నోట్‌బుక్ తీసి లెక్క చూపించబోతే, నేను చూసేదేముందిలే అని మూసేశారట. అమ్మ ఇప్పటికీ ఆ మాట గొప్పగా చెప్పుకుంటుంది.

సెలవు గురించి కూడా చెప్పాలి. జవానుకి ఏడాదికి 60 రోజులు యాన్యువల్ లీవు, 30 రోజులు క్యాజువల్ లీవు. కాగితం మీద చూస్తే బయటి ఉద్యోగాల కంటే ఎక్కువే. కానీ ఎప్పుడు దొరుకుతుందన్నది యూనిట్ పరిస్థితిని బట్టి. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగాక ఆపరేషన్ పరాక్రమ్ మొదలై సైన్యం మొత్తం సరిహద్దుకి కదిలింది, మరుసటేడు అక్టోబరు దాకా అక్కడే ఉంది. ఆ ఏడాది మా ఇంట్లో సంక్రాంతి లేదు. దొరికిన సెలవులోనూ రైలు ప్రయాణం కొంత తినేస్తుంది. జమ్మూలో హిమసాగర్ రైలు దొరికితే విజయవాడలో దిగేవారు, లేదంటే ఢిల్లీ వచ్చి జీటీ రైలు. అక్కణ్నుంచి గూడెం ప్యాసింజరు. నల్ల ట్రంకు పెట్టె మీద తెల్లరంగుతో నంబరు, ర్యాంకు, పేరు. దాంట్లో అడుగున లేహ్ నుంచి తెచ్చిన ఎండు ఆప్రికాట్లు. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే ఆయన చేసే మొదటి పని చేతిపంపు వాషరు మార్చడం.

ఫ్యామిలీ క్వార్టరు మాకు సర్వీసు మొత్తంలో ఒక్కసారే దొరికింది, సికింద్రాబాద్ తిరుమలగిరిలో పోస్టింగు పడినప్పుడు. దానికీ వెయిటింగ్ లిస్టే. నేను సెంట్రల్ స్కూల్లో చదివాను. ఇలా బదిలీ అయ్యే ఉద్యోగుల పిల్లల కోసమే 1963లో ఆ స్కూళ్లు మొదలయ్యాయి. పిల్లలకి ఎంత మేలు చేశాయో నాకు తెలుసు. ఊళ్లో బడి నుంచి అక్కడికి, అక్కణ్నుంచి మళ్లీ ఊరికి మారినప్పుడు పడ్డ టెన్షన్ కూడా తెలుసు. అయినా ఆ రెండు మూడేళ్లూ రాత్రి భోజనానికి నలుగురం కూర్చున్నాం. అది అందరికీ దొరకదు. సరిహద్దు వైపు ఉండే ఫీల్డ్ పోస్టింగుకి కుటుంబాన్ని తీసుకెళ్లడం కుదరదు, సరిహద్దుకి దూరంగా ఉండే పీస్ స్టేషన్లో క్వార్టర్లు చాలవు. కొత్త ట్యాంకు కొంటే పేపర్లో మొదటి పేజీ. ఎక్కడో వంద క్వార్టర్లు కడితే వార్త కాదు. సైన్యానికి రెండూ అవసరమే.

ఇక రిటైర్మెంటు. బయటివాళ్లకి అరవై ఏళ్లకి వచ్చేది జవానుకి ఎప్పుడొస్తుందో చాలామందికి తెలియదు. ఎక్స్‌టెన్షన్‌తో కలిపి సిపాయికి 19 ఏళ్ల సర్వీసు లేదా 42 ఏళ్ల వయసు, హవల్దారుకి 26 ఏళ్ల సర్వీసు లేదా 49 ఏళ్ల వయసు, సుబేదారుకి 30 ఏళ్ల సర్వీసు లేదా 52 ఏళ్ల వయసు, ఏది ముందైతే అది. సైన్యం కుర్రతనంతో ఉండాలి కాబట్టి ఇలా పెట్టారు, అందులో న్యాయం ఉంది. దాని ఫలితం మాత్రం ఒక ఇంటి మీద పడుతుంది. సరిగ్గా పిల్లలు కాలేజీకి వచ్చే వయసు, తల్లిదండ్రులు మంచాన పడే వయసు, ఆ సమయానికి జీతం సగమై పెన్షనవుతుంది. ఇంటి స్లాబు కోసమో, పెళ్లి కోసమో పెన్షన్లో సగం దాకా కమ్యూట్ చేసి ఒకేసారి డబ్బు తీసుకుంటారు, పదిహేనేళ్లు ఆ మేరకు కోత పడుతుంది. నాన్న అదే చేశారు. అందుకే ఒకే ర్యాంకు ఒకే పెన్షను కోసం 2015లో ముసలివాళ్లు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ఎండలో కూర్చుంటే, డబ్బు కోసం సైనికులు రోడ్డెక్కడమేంటని విసుక్కున్నవాళ్లతో నేను గట్టిగా వాదించాను. అది 2014 జులై నుంచి వర్తించేలా అమల్లోకి వచ్చింది. ఒకే పని ఒకే కాలం చేసిన ఇద్దరికి, రిటైరైన తేదీ తేడా వల్ల పెన్షను తేడా ఉండకూడదని అడగడం అత్యాశ ఎలా అవుతుంది? ఆ పెన్షను మీద ఒక కుటుంబం బతుకుతోంది.

రెండో ఉద్యోగం దగ్గర ఇంకా బాధగా ఉంటుంది. రూల్సు బాగానే ఉన్నాయి. కేంద్రంలో గ్రూప్ సీ పోస్టుల్లో 10 శాతం, ఇప్పుడు గ్రూప్ సీలో కలిసిపోయిన పాత గ్రూప్ డీలో 20 శాతం మాజీ సైనికులకి. బ్యాంకులు, ప్రభుత్వ రంగ సంస్థల్లో అది 14.5, 24.5 శాతం. మన రాష్ట్రంలో 2 శాతం. పది పాసై పదిహేనేళ్లు సర్వీసు చేసినవాణ్ని గ్రూప్ సీ ఉద్యోగానికి డిగ్రీ ఉన్నవాడితో సమానంగా చూడాలని కూడా ఉంది. కానీ ఆ కోటా చాలాచోట్ల నిండదు. దరఖాస్తు తీసుకునేవాడికే ఆ రూలు తెలియదు. పుస్తకాలు పట్టుకుని పోటీ పరీక్షకి కూర్చోమంటే, ఇరవై ఏళ్లుగా లారీ తోలిన చేయి నాలుగు నెలల్లో ఎలా తిరుగుతుంది? చివరికి ఎక్కువమంది తేలేది ఏటీఎం ముందో, అపార్ట్‌మెంట్ గేటు దగ్గరో. గేటు కాపలా తక్కువ పనని నేననడం లేదు. జోజిలా మీద కాన్వాయ్ నడిపినవాడికీ, ఆపరేషన్ థియేటర్లో నర్సింగ్ అసిస్టెంటుగా చేసినవాడికీ, సిగ్నల్స్‌లో ఎక్స్ఛేంజి చూసినవాడికీ ఒకే కుర్చీ, ఒకే కర్ర ఇచ్చి కూర్చోబెడుతున్నాం. వాళ్లకేం వచ్చో అడగడం లేదు.

నాన్న ఒక ప్రైవేటు కాలేజీలో బస్సు డ్రైవరుగా చేరారు. పేరు అక్కర్లేదు. మిలిటరీలో బండి తీసేముందు ఫస్ట్ పరేడ్ అని ఉంటుంది. ఆయిలు, నీళ్లు, బెల్టు, బ్యాటరీ, టైర్లలో గాలి, బ్రేకు, లైట్లు, అన్నీ వరసగా చూసుకున్నాకే స్టార్ట్ చేయాలి. దారిలో ఆపితే హాల్ట్ పరేడ్, తిరిగొచ్చాక లాస్ట్ పరేడ్. ఆయన కాలేజీ బస్సుకీ అదే చేశారు. అయిదున్నరకి వెళ్లి బానెట్ తీసేవారు. ఒకరోజు వెనక టైర్లలో ఒకటి అరిగి నున్నగా అయిపోయిందని రాసిచ్చారు. వారం గడిచింది, మార్చలేదు. ఇంకో వారం చూశారు. ఆ తర్వాత పొద్దున బస్సు తీయనన్నారు. మేనేజరు వచ్చి, నలభై మంది పిల్లలు రోడ్డు మీద ఎదురుచూస్తున్నారు, నువ్వేమైనా బోర్డర్లో ఉన్నావా అని అరిచాడు. ఆ నలభై మంది కోసమే తీయనంటున్నా సార్ అన్నారట. నెల తిరిగేసరికి వద్దన్నారు. ఆ కాలేజీ ఆవరణలో అదే ఏడాది రిపబ్లిక్ డే నాడు మాజీ సైనికులకి సన్మానం జరిగింది. సైనికుడి క్రమశిక్షణ మనకి వేదిక మీద కావాలి. అదే క్రమశిక్షణ మన ఖర్చు దగ్గరికి, మన నిర్లక్ష్యం దగ్గరికి వచ్చి నిలబడితే భరించలేం. ఆయన తర్వాత సొంతంగా డ్రైవింగ్ నేర్పడం మొదలుపెట్టారు. ఇప్పుడు మా చుట్టుపక్కల ఊళ్లలో బానెట్ తీసి చూడకుండా బండి స్టార్ట్ చేయని కుర్రాళ్లు చాలామందే ఉన్నారు.

ఇంట్లో మాత్రం తిరిగి రావడం ఉద్యోగం కంటే కష్టమైంది. ఇన్నేళ్లూ సెలవుకొచ్చే మనిషికి అలవాటుపడ్డ ఇల్లది. ఇప్పుడాయన ఉండటానికొచ్చారు. నాలుగింటికి లేచేవారు. వంటింట్లో డబ్బాలన్నీ సైజుల వారీగా సర్దారు. అమ్మ ఏమీ అనకుండా మళ్లీ తనకి చేతికందే వరసలో పెట్టుకుంది. ఆయన మళ్లీ సర్దారు. ఇంటి లెక్కలు ఇక నేను చూస్తానన్నారు. అవి నా దగ్గరే ఉంటాయి లెండి, మీకేం కావాలో అడగండి అంది అమ్మ. నేనప్పుడు కాలేజీలో ఉన్నాను, ఆ మాటకి ఇల్లంతా నిశ్శబ్దమైపోవడం గుర్తుంది. నాన్నకి కోపం వచ్చింది, రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే వెళ్లి, పెన్షను పాసుబుక్కు కూడా నీ దగ్గరే పెట్టు అన్నారు.

ఇంట్లో లేని ఏళ్లకి లెక్క ఎలా చెల్లించాలో ఆయనకి ఎవరూ నేర్పలేదు. మిలిటరీలో ఆయుధం విప్పి బిగించడం నేర్పుతారు గానీ ఇది నేర్పరు. తాతయ్య పక్షవాతంతో మూడేళ్లు మంచం మీద ఉంటే ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, గెడ్డం గీయడం అన్నీ నాన్నే చేశారు. ఇన్నాళ్లూ అదీ నువ్వే చేశావుగా, ఇక నాది అన్నారట అమ్మతో. ఆమె మోకాళ్ల ఆపరేషనప్పుడు ఆస్పత్రిలో మందుల పేర్లు, వేళలు చిన్న పుస్తకంలో గీతలు కొట్టి రాసుకుని, నర్సు మర్చిపోయినవి గుర్తుచేసేవారు. ఆ ఆస్పత్రిలో మొదట ఈసీహెచ్‌ఎస్ కార్డు చెల్లదన్నారు. 2003లో మాజీ సైనికుల కోసం పెట్టిన వైద్య పథకం అది. ఆ పథకంలో నమోదైన ఆస్పత్రిలో క్యాష్‌లెస్‌గా చూడాలి. బిల్లులు లేటవుతున్నాయి, మీరు ముందు కట్టండి, తర్వాత చూద్దాం అన్నారు. బోర్డు మీద పేరు ఉండి, కౌంటర్లో లేదంటే ఎలా? ఆయన గొడవపడలేదు. పాలీక్లినిక్ ఇచ్చిన రెఫరల్ కాగితం బల్ల మీద పెట్టి, కట్టను అని కుర్చీలో కూర్చున్నారు. సాయంత్రానికి అడ్మిట్ చేసుకున్నారు. ఆ కుర్చీలో అంతసేపు కూర్చోలేని వితంతువు వెళ్తే ఏమవుతుందని నాకు అప్పట్నుంచీ దిగులు.

సైన్యంలో చేర్చుకోవడానికి పెట్టిన కొత్త పథకం అగ్నిపథ్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 2022 జూన్ 14న ప్రకటించారు. నాలుగేళ్ల సర్వీసు, అందులో నాలుగో వంతు మందికే కొనసాగే అవకాశం, మిగతావాళ్లకి సేవానిధి పేరుతో ఒకేసారి 11.71 లక్షలు, పెన్షను లేదు. మూడు రోజులకి సికింద్రాబాద్ స్టేషన్లో రైళ్లు తగలబడ్డాయి, కాల్పుల్లో ఒక కుర్రాడు చనిపోయాడు. తగలబెట్టడాన్ని నేను సమర్థించను. కానీ ఆ కుర్రాళ్ల కోపం నాకు అర్థమైంది. వాళ్లు ఊళ్లో తెల్లవారుజామున రోడ్ల మీద పరుగులు తీసింది పాతికేళ్ల ఒక జీవితం కోసం. మా నాన్నలాగే చెల్లెలి పెళ్లి, ఇంటి అప్పు, తర్వాత తన కాపురం, అన్నీ ఆ ఉద్యోగం మీద ఆనుకుని ఉంటాయని లెక్క వేసుకున్నారు. సైన్యం సగటు వయసు తగ్గాలి, పెన్షన్ల ఖర్చు పెరుగుతోంది అన్న వాదన నేను విన్నాను. ఖర్చు నిజమే. అయితే ఇరవైల వయసులోనే బయటికొచ్చేవాడికి ఇల్లు కట్టుకునే ధైర్యం ఎక్కణ్నుంచి వస్తుందన్నదానికి ఆ వాదనలో జవాబు లేదు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో నియంత్రణ రేఖ దగ్గర ప్రాణం పోగొట్టుకున్న మురళీ నాయక్ ఈ పథకం కింద చేరిన అగ్నివీరుడే. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా. గుండు వచ్చేటప్పుడు అవతలివాడు రెగ్యులరా, అగ్నివీరా అని చూసి రాలేదు. ఆ ఇంటికి పరిహారం అందింది గానీ, రెగ్యులర్ జవాను ఇంటికి నెలనెలా వచ్చే ఫ్యామిలీ పెన్షను ఈ పథకంలో లేదు. ఇది మార్చాలి. మిగతా పథకం మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, ఈ ఒక్కదాని మీద రెండు మాటలుండకూడదు.

ఫ్యామిలీ పెన్షను అంటే గుర్తొచ్చింది, ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే. జవాను పెళ్లయినా, బిడ్డ పుట్టినా యూనిట్లో చెప్పాలి, అక్కడ పార్ట్ టూ ఆర్డర్ పడాలి. అది పడితేనే రికార్డుల్లో ఆ మనిషి ఉన్నట్టు. అమ్మ పేరు 1990లో అలా ఎక్కింది. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, అసలు పేరు తర్వాత. రాసుకున్న ఉత్తరాది క్లర్కుకి ముందున్నదే పేరు, చివరున్నది ఇంటిపేరు. దాంతో మా అమ్మ ఒక కాగితంలో మా ఇంటిపేరుతోనే పిలవబడే మనిషైంది, ఇంకో కాగితంలో పేరు చివర 'దేవి' తగిలింది, ఆధార్‌లో ఇంకోలా ఉంది. పుట్టినతేదీ అయితే మూడు చోట్ల మూడు. నాన్న ఉన్నంతకాలం దీనివల్ల ఏ ఇబ్బందీ రాదు, ఎవరికీ తెలియను కూడా తెలియదు. ఆయన పోయిన తర్వాత బయటపడుతుంది. మా వీధిలోనే ఒక సుబేదారు గారి భార్య విషయంలో అదే జరిగింది. భర్త పోయిన బాధలో ఉన్న మనిషి, తాను ఆయన భార్యనేనని రుజువు చేసుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగింది. మామూలు ఫ్యామిలీ పెన్షను ఆయన చివరి జీతంలో 30 శాతం. ఆమె పాతికేళ్లు ఒంటరిగా నడిపిన కాపురానికి దేశం ఇచ్చేది అది. అదైనా వేళకి ఇవ్వడానికి అక్షరాలు అడ్డమొచ్చాయి.

ఆవిడ అవస్థ చూసి నాన్న మర్నాడే తన పీపీవో, అంటే పెన్షను మంజూరు ఆర్డరు, తీసి బల్ల మీద పరిచారు. నోటరీ అఫిడవిట్, పేపరు ప్రకటన, అమ్మ పదో తరగతి సర్టిఫికెట్, ఇద్దరూ కలిసి దిగిన ఫొటో, అన్నీ పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లాం. అక్కడి పెద్దాయన ఓపిగ్గా ఫారాలు నింపించి రికార్డ్స్‌కి పంపారు. ఒకసారి తిరిగొచ్చాయి, మళ్లీ పంపాం. కిందటేడు సవరించిన పీపీవో వచ్చింది. అందులో అమ్మ పేరు, పుట్టినతేదీ, ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయి. మిలిటరీ పెన్షన్లన్నీ ఆన్లైన్లో స్పర్శ్ పోర్టల్‌లోకి మారాయి కాబట్టి అందులోనూ సరిచూసుకున్నాం.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో మిలిటరీలో చేసి వచ్చినాయన ఉంటే, ఈసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్లేముందు ఆయన పీపీవో ఒకసారి అడిగి తీసుకోండి. భార్య పేరు ఉందా, ఆధార్‌లో ఉన్న అక్షరాలే ఉన్నాయా, పుట్టినతేదీ కలుస్తోందా, పెళ్లికి పార్ట్ టూ ఆర్డర్ పడిందా చూడండి. వికలాంగులైన పిల్లలుంటే వాళ్ల పేరు కూడా రికార్డులో ఎక్కిందో లేదో చూడండి. తేడా ఉంటే ఆయన సంతకం పెట్టగలిగినప్పుడే సరిచేయించాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి డిశ్చార్జి బుక్కు, పీపీవో జిరాక్సు, ఇద్దరి ఆధార్ కార్డులు తీసుకెళ్లండి, మిగతావి వాళ్లే చెబుతారు. పెద్దాయన, నేను లేకపోతే కదా అవన్నీ అని తీసిపారేస్తే, మీరు కదలకండి. మా నాన్న కూడా మొదట అదే అన్నారు.